గాబ్లిన్లకూ ప్రాణం తీపే

ట్రైబోర్ ట్రెయిల్ అనే అడవి దారిన ఒక సరుకుల బండి వెళుతుంటుంది. మలుపు తిరగ్గానే దారికి అడ్డంగా రెండు గుర్రాలు చచ్చిపడి ఉంటాయి. వాటి ఒంట్లో దిగిన నల్ల ఈకల బాణాలు. ఏం జరిగిందో చూద్దామని ఎవరైనా దగ్గరికి వెళ్లారో లేదో, దారికి అటు రెండు, ఇటు రెండు పొదల్లో నక్కి ఉన్న గాబ్లిన్లు అనే చిట్టి రాక్షసులు మీద పడతాయి. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటలోకి గత పదేళ్లలో వచ్చినవాళ్లలో ఎంతోమందికి మొదటి పోరు ఇదే. చాలామంది మొదటిసారి నేల కరిచిందీ ఇక్కడే.

2014లో విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ సంస్థ ఈ ఆట ఐదో ఎడిషన్ తెస్తూ కొత్తవాళ్ల కోసం స్టార్టర్ సెట్ అని ఒక పెట్టె విడుదల చేసింది. ఆరు పాచికలు, 32 పేజీల నియమాల పుస్తకం, ముందే తయారుచేసి పెట్టిన ఐదు పాత్రల కాగితాలు, 64 పేజీల సాహసం. ఆ సాహసం పేరు ‘లాస్ట్ మైన్ ఆఫ్ ఫాండెల్వర్’. రిచ్ బేకర్, క్రిస్ పెర్కిన్స్ రాశారు. కథ గొప్పదేం కాదు. పోయిన గని, దాన్ని వెతికే మరుగుజ్జు అన్నదమ్ములు, తెర వెనక ఒక దుర్మార్గుడు. ఈ తరహా కథలు చదివేవాళ్లకు అన్నీ తెలిసిన సరుకే. నన్ను కట్టిపడేసింది కథ కాదు, అందులో పోరాటాలను అమర్చిన తీరు.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ‘స్ట్రేంజర్ థింగ్స్’ సిరీస్ మొదట్లో నలుగురు పిల్లలు ఇంటి కింది గదిలో బల్ల చుట్టూ చేరి కేకలు పెడుతూ ఆడేది ఇదే. ఒకరు డంజన్ మాస్టర్. కథ చెప్పేదీ, రాక్షసులందరి తరఫునా పాచికలు వేసేదీ ఆ మనిషే. మిగతావాళ్లు తలా ఒక వీరుడి పాత్ర తీసుకుంటారు. కత్తి దూసినా, గోడ ఎక్కినా ఫలితం తేల్చేది ఇరవై ముఖాల పాచిక.

డంజన్ మాస్టర్‌కు తలనొప్పంతా ఒక్కచోటే ఉంటుంది: ఎదురుగా ఎంతమందిని నిలబెట్టాలి? మరీ తేలికైన పోరు పెడితే ఆటగాళ్లు ఫోన్లు తీస్తారు. మరీ గట్టిది పెడితే, ఎంతో ముచ్చటపడి పేరు పెట్టుకుని, పుట్టుపూర్వోత్తరాలు రాసుకున్న పాత్ర పావుగంటలో చస్తుంది. ఆ మనిషి మిగతా సాయంత్రమంతా చిప్స్ నములుతూ కూర్చోవాలి.

ఐదో ఎడిషన్ డంజన్ మాస్టర్స్ గైడ్ ఇందుకు ఒక లెక్క ఇచ్చింది. ఒక్కో రాక్షసుడికి ఇన్ని అనుభవ పాయింట్లని విలువ కట్టింది. గాబ్లిన్ విలువ 50. మొదటి లెవెల్ వీరుడు ఒక్కొక్కరికి 25 చొప్పున ఎదురుంటే పోరు తేలిక, 50 అయితే మధ్యస్థం, 75 అయితే కష్టం, 100 అయితే ప్రాణాంతకం. నలుగురు వీరులుంటే వీటిని నాలుగుతో హెచ్చించుకోవాలి. మన నాలుగు గాబ్లిన్లూ కలిపి 200. ఇక్కడితో ఆగితే పోరు మధ్యస్థమే. కానీ రాక్షసులు మూడు నుంచి ఆరు దాకా ఉంటే మొత్తాన్ని రెట్టింపు చేయమంటుంది ఆ పుస్తకం. అప్పుడు 400. నలుగురి గుంపుకు అది సరిగ్గా ప్రాణాంతకం గీత మీద ఉంది. పెట్టెలోని ఐదు పాత్రలూ బరిలోకి దిగితే కష్టం దాటి, ప్రాణాంతకానికి ఇవతల ఆగుతుంది.

ఈ రెట్టింపు ఎందుకో పులి-మేక ఆడినవాళ్లకు చెప్పక్కర్లేదు. గుడి అరుగు మీద చెక్కిన గీతల్లో మూడు పులులు, పదిహేను మేకలు. ఏ మేకకూ పులిని చంపే శక్తి లేదు. సంఖ్యతోనే దాన్ని కదలనీయకుండా కట్టేస్తాయి. గాబ్లిన్లదీ అదే బలం, పైగా వీటికి బాణాలు కూడా ఉన్నాయి.

ఆ బాణాన్నే కాస్త దగ్గరగా చూద్దాం. గాబ్లిన్ దాడి చేసినప్పుడు ఇరవై ముఖాల పాచిక మీద పడినదానికి 4 కలుపుతారు. ఆ మొత్తం ఎదుటివాడి ఆర్మర్ క్లాస్‌ను, అంటే అతన్ని దెబ్బ నుంచి కాచే అంకెను, అందుకుంటే దెబ్బ తగిలినట్టు. గొలుసు కవచం తొడుక్కుని డాలు పట్టుకున్న యోధుడిది 18. అతనికి తగలాలంటే పాచిక మీద 14 గానీ ఆపైన గానీ పడాలి, అంటే నూటికి 35 పాళ్లు. ఒంటి మీద బట్టలు తప్ప ఏమీ లేని మాంత్రికుడిది 12 అనుకుంటే 8 పడినా చాలు, నూటికి 65 పాళ్లు. తగిలిన బాణం 3 నుంచి 8 దాకా హిట్ పాయింట్లు, అంటే పాత్ర ప్రాణాన్ని కొలిచే పాయింట్లు, తీసుకుపోతుంది. మొదటి లెవెల్ మాంత్రికుడికి ఉండేవే ఏడో ఎనిమిదో. ఎనిమిదే అనుకున్నా, రెండు బాణాలు తగిలితే కూలడం దాదాపు ఖాయం. ఒక్కదానికి కూలినా ఆశ్చర్యం లేదు.

అయితే కూలడం వేరు, చావడం వేరు. సున్నాకు పడిపోయిన పాత్రకు స్పృహ తప్పుతుంది. తన వంతు వచ్చిన ప్రతిసారీ పాచిక వేస్తూ చావుబతుకుల మధ్య ఊగుతుంది. తోటివాళ్లు చేరుకుని నిలబెట్టడానికి సమయం దొరుకుతుంది. అక్కడికక్కడే ప్రాణం పోవాలంటే, సున్నాకు చేరాక ఇంకా మిగిలిన దెబ్బ ఆ పాత్ర పూర్తి హిట్ పాయింట్లకు సమానంగానైనా ఉండాలి. మన మాంత్రికుడు నిండు ప్రాణంతో ఉండగా ఒకే దెబ్బకు చావాలంటే 16 తగలాలి. గాబ్లిన్‌కు 20 పడి, దెబ్బ పాచికలు రెండింతలైనా గరిష్ఠంగా వచ్చేది 14. కావాలని చేశారో, లెక్క అలా కుదిరిందో గానీ, ఈ మొదటి పోరులో ఎనిమిదికి తగ్గని నిండు ప్రాణంతో నిలబడ్డ ఎవర్నీ గాబ్లిన్ ఒక్క వేటుతో చంపలేదు. కొత్త ఆటగాడికి గుండె జారుతుంది, కానీ పాత్ర కాగితం చించేయాల్సిన పని రాదు. కొత్తవాళ్లకు ఇవ్వాల్సిన భయం ఇంతే.

మాంత్రికుడూ తక్కువవాడేం కాదు. 2014 నియమాల్లో నిద్ర మంత్రం వేస్తే ఎనిమిది ముఖాల పాచికలు ఐదు విసురుతారు, సగటు 22.5. గాబ్లిన్ హిట్ పాయింట్లు 7. అంటే సగటున ఒక్క మంత్రంతో మూడు గాబ్లిన్లు గుర్రు పెట్టాలి. మరి పోరు అక్కడితో తేలిపోదా? తేలదు. గాబ్లిన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తు చేసుకోండి, దారికి చెరోవైపు రెండేసి. వాటి వంతు రాగానే రెండు కత్తులతో మీదికి దూకాలనీ, రెండు 30 అడుగుల దూరంలో నిలబడి బాణాలు వేయాలనీ సాహసం పుస్తకం చెబుతుంది. నిద్ర మంత్రం పట్టేది 20 అడుగుల వ్యాసార్ధం. మూడింటిని ఒకేచోట పట్టడం కష్టం. మీదికొచ్చిన రెంటి పక్కన మనవాళ్లూ ఉంటారు. ఆ మంత్రానికి స్వపర భేదం లేదు, తక్కువ ప్రాణం మిగిలినవాళ్లు ముందు నిద్రలోకి జారతారు. నాలుగు బొమ్మలను నేల మీద నాలుగుచోట్ల పెట్టడంతోనే ఒక మంత్రం పదును సగానికి తగ్గింది.

ఆ రెంటినీ మీదికి దూకించడంలో ఇంకో కిటుకుంది. గాబ్లిన్‌కు దాడి చేశాక అదే వంతులో మళ్లీ దాక్కోగల నేర్పు ఉంది. నాలుగూ పొదలు వదలకుండా బాణం వేసి దాక్కుంటూ, మళ్లీ వేసి దాక్కుంటూ ఆడితే మొదటి లెవెల్ గుంపు ఆనవాలు మిగలదు. రెంటిని కత్తి దూరంలోకి తేవడం రచయితలు ఆటగాళ్లకు చేసిన రాయితీ. కానీ బల్ల దగ్గర కూర్చున్నవాళ్లకు అది రాయితీలా కనబడదు, గాబ్లిన్ల దుడుకుతనంలా కనబడుతుంది. శత్రువును బలహీనపరచకుండా, వాడి స్వభావంతోనే తప్పు చేయించడం. మంచి నాటకకర్త పని ఇలాగే ఉంటుంది.

మూడు గాబ్లిన్లు కూలగానే నాలుగోది కాళ్లకు బుద్ధి చెబుతుంది. ఇది కూడా పుస్తకంలోని సూచనే. వీరులు గెలిచే సమయానికి పోరును సాగదీయకుండా ముగించడం ఒక లాభం. పారిపోయే గాబ్లిన్ దారి చూపించి తరువాతి ఘట్టానికి నడిపించడం ఇంకో లాభం. వీరులే ఓడిపోతే? గాబ్లిన్లు వాళ్లను స్పృహ లేని స్థితిలోనే వదిలేసి, బండినీ ఒంటి మీదున్నవాటినీ దోచుకుని గుహకు వెళ్లిపోతాయి. వీరులు లేచి ఫాండలిన్ ఊరికి చేరి, బార్తెన్ కొట్లో కొత్త సరంజామా కొనుక్కుని, వెనక్కి వచ్చి జాడ పట్టుకోవచ్చు. ఒక చిన్న పేరా. దోపిడీదారుకు కావలసింది సరుకు, శవాలు కాదు అన్న మామూలు ఇంగితాన్ని ఆట నియమంగా మార్చిన పేరా అది.

అసలు పనితనం గుహలో ఉంది. అది ఈ గాబ్లిన్ల క్రాగ్‌మా ముఠా స్థావరం. మొదటి లెవెల్ గుంపు అక్కడ తలపడాల్సిన రెండు పెద్ద పోరాటాలనూ పైన చెప్పిన లెక్కలో వేసి చూస్తే కళ్లు తిరుగుతాయి. ఒక గదిలో ఆరు గాబ్లిన్లు: 300, రెట్టిస్తే 600. ఇంకో గదిలో క్లార్గ్ అనే బగ్‌బేర్ జాతి రాక్షసుడు, వాడి పెంపుడు తోడేలు, రెండు గాబ్లిన్లు: 350, రెట్టిస్తే 700. నలుగురి గుంపుకు ప్రాణాంతకం గీత 400 దగ్గరే ఉంది. లెక్క నమ్ముకున్నవాడు ఈ రెండు గదులనూ కొట్టేసి మళ్లీ రాసుకుంటాడు. బేకర్, పెర్కిన్స్ అంకె తగ్గించలేదు. ప్రతి గదికీ ఒక పక్కదారి పెట్టారు.

ఆరు గాబ్లిన్ల గదిలో యీమిక్ అనే చోటా నాయకుడు ఉన్నాడు. వాడి చేతిలో సిల్దార్ అనే బందీ ఉన్నాడు. పోరు ముదిరితే బందీని గట్టు అంచుకు ఈడ్చి, ఆగకపోతే వీణ్ని చంపేస్తానని బెదిరిస్తాడు. మాటల్లో పెడితే అసలు సంగతి బయటపడుతుంది. వాడికి క్లార్గ్ కుర్చీ మీద కన్ను. క్లార్గ్ తల తెస్తే బందీని వదిలేస్తానని బేరం పెడతాడు. తెచ్చాక మాట తప్పి డబ్బు కూడా అడుగుతాడనుకోండి, అది వేరే సంగతి. 600 పాయింట్ల పోరు ఒక్కసారిగా బేరసారాలయింది. ఇంతా చేసి ఇందులో వీరులను కాపాడటానికి పెట్టినదేదీ లేదు. ఉన్నదల్లా ఒక గాబ్లిన్ పదవీ వ్యామోహం. మండల స్థాయి రాజకీయం చూసినవాళ్లెవరికైనా యీమిక్ ఇట్టే అర్థమవుతాడు.

ఇక క్లార్గ్. తన గురించి తాను “క్లార్గ్ అలా ఒప్పుకోడు” తరహాలో మూడో మనిషిలా చెప్పుకునే బడాయిగాడు. వాడి ముళ్లగద సగటున 11 హిట్ పాయింట్లు తీస్తుంది. బగ్‌బేర్‌కు ఇంకో గుణం ఉంది: పోరు మొదటి వంతులో, ఏమరుపాటున ఉన్నవాణ్ని కొడితే రెండు ఆరు ముఖాల పాచికల దెబ్బ అదనం. అప్పుడు సగటు 18. మన మాంత్రికుడు ఒకే దెబ్బకు చావడానికి 16 చాలని పైన లెక్క వేశాం. అంటే క్లార్గ్ చాటునుంచి కొడితే, మామూలు పాచిక పడినా ఒక పాత్ర కాగితం చిరగొచ్చు. దారిలోని గాబ్లిన్లకు లేని అధికారం వీడికి ఉంది.

మరి చాటునుంచి ఎప్పుడు కొడతాడు? గుహలో అలికిడి అయిందని గాబ్లిన్లు ముందే కబురు చేస్తే, క్లార్గ్ రాతిస్తంభం వెనక దాక్కుంటాడు. గాబ్లిన్లు దోచిన సరుకుల గుట్టల వెనక చేరతాయి. కబురు అందకపోతే ఏమరుపాటు వాడిదే. అందులోనూ తోడేళ్లను కట్టేసిన గది వెనక ఒక ఇరుకు పొగగూడు లాంటి బిలం పైకి పోతుంది. అది సరాసరి క్లార్గ్ గదిలో తేలుతుంది. అటునుంచి ఎవరైనా వస్తారని వాడు కలలో కూడా అనుకోడు. వంతెన మీద కాపలా ఉన్న గాబ్లిన్ చూసిందా, నీటి కట్ట తెగి వరద మీద పడిందా, ఆ చప్పుడు లోపలిదాకా పోయిందా, తోడేళ్లకు తిండి పడేసి మచ్చిక చేసుకున్నారా, ఇవే పోరు ఎంత గట్టిదో తేలుస్తాయి. అదే గది, అదే నలుగురు శత్రువులు, అదే 700. ఒక గుంపుకు ఊచకోత, ఇంకో గుంపుకు దొంగచాటు దాడి. ఎంత కష్టపడాలో ఆ గదిలోకి రావడానికి అరగంట ముందే ఆటగాళ్లు తమకు తెలియకుండా నిర్ణయించేసుకున్నారు. నాకు తెలిసిన సాహసాల్లో ఇంత తక్కువ పేజీల్లో ఇంత పని చేసింది అరుదు.

క్లార్గ్‌కు కూడా ప్రాణం మీద తీపి ఉంది. తోడేలు చచ్చిందంటే వాడు అదే బిలంలోంచి దిగి పారిపోజూస్తాడు. వీరులు దొంగచాటుగా ఎక్కివచ్చే దారే వాడు తప్పించుకునే దారి. ఒక కన్నం, రెండు పనులు.

మూడో లెవెల్ ప్రాంతంలో ఇదే పద్ధతిని రచయితలు చివరిదాకా లాగి చూశారు. థండర్‌ట్రీ అనే పాడుబడ్డ ఊళ్లో వెనమ్‌ఫాంగ్ అనే పచ్చ డ్రాగన్ ఉంటుంది. విలువ 3,900. నలుగురు మూడో లెవెల్ వీరులకు ప్రాణాంతకం గీత 1,600. హిట్ పాయింట్లు 136, విషపు ఊపిరి సగటు దెబ్బ 42. అప్పటికి ఇరవై హిట్ పాయింట్లున్న మాంత్రికుడు ఆ ఊపిరిని కాచుకోలేకపోతే స్పృహ తప్పడం కాదు, నేరుగా పోతాడు. కానీ సగం హిట్ పాయింట్లు పోగానే డ్రాగన్ బురుజు పైకెక్కి ఎగిరిపోతుంది. అంటే వీరులు దాటాల్సింది 136 కాదు, 68. ఇక్కడ మాత్రం నా మనసు పూర్తిగా ఒప్పదు. మొదటి ఊపిరికే సగం గుంపు నేల కూలితే ఆ 68 దాకా వెళ్లేదెవరు? మాట్లాడి మురిపించో, చూసీ చూడనట్టు తప్పుకునో బయటపడొచ్చు నిజమే. కానీ డ్రాగన్‌ను చూసి కత్తి దూయని కొత్త ఆటగాణ్ని నేను చూడలేదు.

గీతకు మించిన బలం పెట్టి స్వభావంతో కళ్లెం వేయడం బేకర్, పెర్కిన్స్ కనిపెట్టిందేం కాదు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ ఆట తెచ్చినప్పుడు నేలమాళిగలో ఎంత లోతుకు దిగితే అంత బలమైన రాక్షసులు అన్నదే కొలత. ఎంత దిగాలో ఆటగాళ్లే తేల్చుకోవాలి. 1987 నవంబరులో ‘డ్రాగన్’ పత్రిక 127వ సంచికలో రోజర్ మూర్, టకర్ అనే డంజన్ మాస్టర్ నడిపిన కోబోల్డ్‌ల గురించి రాశాడు. ఆటలోకెల్లా అల్పప్రాణులైన కోబోల్డ్‌లు ఇరుకు సొరంగాలు, నిప్పు, వల పన్నడం తెలిసి ఆడితే పెద్ద లెవెల్ వీరులను కూడా హడలెత్తించగలవని ఆ రచన చూపించింది. 2008లో నాలుగో ఎడిషన్ ఇందుకు పూర్తిగా ఎదురుదారి పట్టింది. ఒక్క హిట్ పాయింట్ మాత్రమే ఉండే మినియన్లు, ఐదుగురి పెట్టు ఒక్కటే అయ్యే సోలో రాక్షసులు, ప్రతిదానికీ పాయింట్ల బడ్జెట్. లెక్క అంత చక్కగా కుదిరిన ఎడిషన్ మరొకటి లేదు. ఆ పోరాటాలు తప్పు పట్టలేనట్టు ఉండేవి, అక్కడక్కడ అంతకుమించి ఏమీ లేనట్టు కూడా అనిపించేవి. యీమిక్ లాంటివాడు ఆ లెక్కలో పట్టడు.

2024 చివర్లో వచ్చిన కొత్త డంజన్ మాస్టర్స్ గైడ్ ఆ రెట్టింపును పూర్తిగా ఎత్తేసింది. మొదటి లెవెల్ పాత్ర ఒక్కొక్కరికి 50, 75, 100 అని మూడే మెట్లు. నలుగురు వీరులకు అట్టడుగు మెట్టు 200. నాలుగు గాబ్లిన్ల విలువ ఇప్పటికీ 200. పదేళ్ల క్రితం ప్రాణాంతకం అన్న పోరే ఇప్పుడు పుస్తకం దృష్టిలో అన్నిటికంటే తేలికది. కొత్త నియమాల్లో వీరుల బలం పెరిగిన మాట నిజం, గాబ్లిన్‌కూ కాస్త ప్రాణం పెరిగింది. అయినా పై మెట్టు నుంచి కింది మెట్టుకు జారేంత తేడా బల్ల దగ్గర కనిపించదు. పాయింట్ల పట్టీని ఎంతవరకు నమ్మాలో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

లోపాలు లేవని కాదు. వీరులు ఓడితే ఏం చేయాలో చెప్పే ఆ మంచి పేరా, అలా జరగడం అరుదన్న ధోరణిలో మొదలవుతుంది. అరుదేం కాదు. ఈ పోరులో మొత్తం గుంపు నేలకూలడం ఆ పుస్తకం నడిపినవాళ్లలో చాలామందికి తెలిసిన సంగతే. మొదటిసారి ఆట నడిపేవాడు కంగారులో ఆ నాలుగు వాక్యాలు చదవకుండా దాటేసి, పడిపోయినవాళ్లను గాబ్లిన్లతో పొడిపించేస్తాడు. ఆ సూచనను పోరు మొదట్లోనే, పెద్దక్షరాల్లో వేయాల్సింది. గుహలో కూడా, కబురు ఎవరినుంచి ఎవరికి ఎలా చేరుతుందన్నది వేర్వేరు గదుల వివరాల్లో చెదిరి ఉంది. పటం పక్కనే ఒకచోట పెట్టి ఉంటే డంజన్ మాస్టర్ పేజీలు వెనక్కీ ముందుకీ తిప్పే పని తప్పేది.

ఈ సాహసాన్ని 2023లో ‘ఫాండెల్వర్ అండ్ బిలో: ది షాటర్డ్ ఒబెలిస్క్’ అనే పెద్ద పుస్తకంలో కలిపి మళ్లీ వేశారు, కాబట్టి దొరకడం కష్టం కాదు. హైదరాబాద్, బెంగళూరు బోర్డ్ గేమ్ కెఫేల్లోనో, అమెరికాలో చదువుకుంటూ హాస్టల్ గదిలోనో ఈ ఆట ఆడుతూ, ఇక మనమే నడుపుదామని ఉబలాటపడేవాళ్లు ముందు క్రాగ్‌మా గుహ ఘట్టాన్ని చదవండి. తరువాత మీ సొంత గుహ గీసుకోండి. అందులో ప్రతి శత్రువు పేరు పక్కన పాయింట్లు వేసే ముందు రెండు వాక్యాలు రాయండి: వాడికి ఏం కావాలి, ఎప్పుడు పారిపోతాడు. ఆ రెండూ రాయలేకపోతే ఆ శత్రువును తీసేయండి.